1970, 80ల మెక్సికో హిట్ పాటల లిస్టులు ఎక్కడ దొరుకుతాయి?

మెక్సికో పాత పాటలు వినేవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త సాయం చేయండి. 1970లో 'ఎల్ త్రిస్తే' పాడిన హోసే హోసే, 1984లో 'కేరీదా'తో దేశాన్నే ఊపేసిన హువాన్ గాబ్రియేల్, ఆయన రాసిన పాటలు పాడి అక్కడివాళ్ళ మనసు దోచుకున్న స్పెయిన్ గాయని రోసియో దుర్కాల్, వీళ్ళంటే నాకు ప్రాణం. ఆ రోజుల్లో మెక్సికోలో ఏ పాట ఎన్ని వారాలు నంబర్ వన్‌గా నిలిచిందో తెలిపే లిస్టు కావాలి. అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్ వేసే లాటిన్ పాటల చార్టు 1986లో గానీ మొదలవలేదు, పైగా అది అమెరికా రేడియోల లెక్క, మెక్సికోది కాదు. అప్పట్లో మెక్సికోలో హిట్ పాటల లిస్టులు వేసిన 'నోతితాస్ మూసికాలెస్' పత్రిక పాత సంచికలు స్కాన్ చేసి ఎవరైనా పెట్టారా? స్పానిష్‌లో ఉన్నా ఫర్వాలేదు, పేర్లు, తేదీలు చదువుకోగలను. రాంచెరా (మెక్సికో సంప్రదాయ జానపద శైలి) పాటల్ని కూడా ఆ లిస్టులోనే కలిపేవారా, విడిగా వేసేవారా?