కందిరీగ గూడును పగలగొట్టకుండా కొత్త గూళ్ళు కట్టకుండా ఆపడం ఎలా?

మా పడకగది ద్వారబంధం మూలలో కందిరీగ మట్టిగూడు కట్టడం మొదలుపెట్టి 12 రోజులైంది. బొటనవేలంత పొడవైన గదులు మూడున్నాయి. రెండింటిని మట్టితో మూసేసింది, మూడోది ఇంకా తడిగానే ఉంది. ఇంట్లో కందిరీగ గూడు కడితే ఆ ఇంట బిడ్డ పుడుతుందని, దాన్ని పడగొడితే కడుపుకు చేటని మా అమ్మ నమ్మకం. నా భార్యకు ఇప్పుడు ఆరో నెల కాబట్టి, గూటిని ముట్టుకోనివ్వడం లేదు.

నిరుడు మంచం కింద రాలిపడిన గూటిలో, కాళ్ళు ముడుచుకుని కదలకుండా పడివున్న ఏడెనిమిది సాలీళ్ళ మధ్య ఒక తెల్లటి పురుగును స్వయంగా చూశాను. ఝుంకారం వినీవినీ పురుగే కందిరీగగా మారుతుందనే భ్రమరకీట న్యాయం అందంగానే ఉంటుంది కానీ, జరిగేది వేరు: కందిరీగ సాలీళ్ళను కుట్టి, చచ్చుబడేలా చేసి, గుడ్డు పెట్టి మూసేస్తుంది, పిల్లపురుగు వాటిని తిని పెరుగుతుంది. ఇదంతా వివరిస్తే అమ్మ, “బిడ్డకు తిండి దాచిపెడుతోంది కదా, అదీ తల్లే” అంది. నా దగ్గర జవాబు లేకపోయింది.

పాత గూటి జోలికి నేనూ పోను. ఇబ్బందల్లా, రెండు రోజులుగా అది ప్లగ్గు రంధ్రాల్లోనూ మట్టి కూరుతోంది. కిటికీకి దోమతెర బిగించాను, తలుపు సందుల్లోంచి వస్తోంది. మూడు సాయంత్రాలు వేపాకు పొగ వేశాను. మర్నాడు పదింటికల్లా మళ్ళీ హాజరు. కర్పూరం కూడా పనిచేయలేదు. గర్భిణి ఉన్న గది కాబట్టి పురుగుమందు కొట్టలేను.

ఉన్న గూటిని కదపకుండా, మందు వాడకుండా, కందిరీగ ఆ గదిలో కొత్తగా కట్టకుండా ఆపిన ఉపాయం మీలో ఎవరికైనా ఫలించిందా?