నోటి క్యాన్సర్: పుండ్లకు ఇంకింత పవర్ ఉన్న యాంటీబయాటిక్ వాడాలా?

దేవరకొండ పిల్లగాడు:
మా బాపుకు దవడ క్యాన్సర్. ఇరవై ఏండ్లు గుట్కా. హైదరాబాద్‌ల కరెంటు (రేడియేషన్) పెడుతున్నరు, 33లో 19 అయినయ్, వారానికోసారి కీమో. శని, ఆదివారాలు ఊరికొస్తం. నోరంత పుండ్లు, నాలుక మీద పెరుగు అంటినట్టు తెలుపు. పోయిన శనివారం ఆర్‌ఎంపీ అమాక్సిసిలిన్ ఇచ్చిండు. తెలుపు ఇంకా పెరిగింది. ఇంకింత పవర్‌ది రాస్తనంటుండు. వాడుదమా?

ఎర్రమట్టి:
వాడాలె తమ్మీ. మా కాకకు గట్లనే నాన్చితే చెంపకు రంధ్రం పడ్డది.

పాలమూరు సిస్టర్:
అన్నా, రంధ్రం పడేది గడ్డ చొచ్చుకొచ్చి, గోలీ వేయక కాదు. కరెంటుకు నోటి లోపలి పొర కమిలి పుండ్లవుతాయి, వాటిని యాంటీబయాటిక్ మాన్పదు. ఆ తెలుపు ఫంగస్ కావచ్చు. యాంటీబయాటిక్ నోట్లో ఉండే మంచి బ్యాక్టీరియాను చంపితే ఫంగస్‌కు ఇంకా చోటు దొరుకుతుంది. దాని మందులు వేరు: క్లోట్రిమజోల్, ఫ్లూకోనజోల్. డాక్టర్ టార్చి వేసి చూసి రాయాలి. అప్పటిదాకా ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్లు పుక్కిలించండి.

ఎర్రమట్టి:
మరి కాక పుండు వాసనకు పెద్ద డాక్టరే మెట్రోనిడజోల్ గోలీలు నూరి పైన చల్లమన్నడు గద? అంతకుముందు ఆయన అర్రలకు మనుమలు గూడ పోలే. మూడు రోజులకు పక్కన కూసొని అన్నం తిన్నరు.

పాలమూరు సిస్టర్:
ఆ వాసన గాలి సోకని చోట పెరిగే బ్యాక్టీరియాది, దానికి అదే మందు. యాంటీబయాటిక్ అసలే వద్దని నేననలేదు. కీమో నడుస్తుండగా జ్వరం 101 తాకితే గంటలోపు ఇంజక్షన్ పడాలి. న్యూట్రోఫిల్స్, అంటే క్రిములతో పోరాడే తెల్ల రక్తకణాలు, 500 కన్నా తగ్గితే చీము కూడా పట్టదు, జ్వరం ఒక్కటే గుర్తు. కొలవకుండా పారాసిటమాల్ వేయొద్దు, ఆ గుర్తూ పోతుంది.

నల్లగొండ ల్యాబ్:
సిస్టర్, గంటల దేవరకొండ నుంచి హైదరాబాద్ ఎట్ల చేరుతరు? మొదటి డోసు దగ్గరున్న సర్కారు దవాఖానలనే పడాలె. కానీ ముందుగాల కల్చర్‌కు, అంటే రక్తంల ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్షకు, రక్తం తీయాలె. నాలుగు గోలీలు మింగినంక తెస్తే మా ప్లేటుల ఏం మొలవదు. 'నో గ్రోత్' అని రాసిచ్చేటప్పుడు నాకే సిగ్గనిపిస్తది.

పాలమూరు సిస్టర్:
మొదటి డోసు మాట ఒప్పుకుంటా. కానీ కల్చర్ బాటిల్ లేదని డోసు ఆపితే మాత్రం ఒప్పుకోను.

దేవరకొండ పిల్లగాడు:
ఇప్పుడే చూసిన, 99 ఉంది. సోమవారం కరెంటుకు పోయినప్పుడు నోరు చూపిస్త. ఆర్‌ఎంపీకి ఏం చెప్పాల్నో తెలుస్తలేదు. ఊరికొచ్చినప్పుడల్లా రాత్రి పదింటికైనా వచ్చి బాపుకు గ్లూకోజ్ ఎక్కించేది ఆయనే.