1978 బుల్లెట్ 350: రెండు బ్రేకులూ పట్టేశాయి, సామాను ఎక్కడ దొరుకుతుంది?

కొత్తపట్నం_350
అందరికీ నమస్కారం. బండి 1978 మోడల్ బుల్లెట్ 350, సముద్రానికి దగ్గర్లో రేకుల షెడ్డులో ఏళ్ళ తరబడి నిలిపి ఉంది. ముందు డ్రమ్ మీద ఒకటే లివర్. ఆ లివర్ కదలదు, ముందు చక్రం తిరగదు. వెనక చక్రం బలంగా తోస్తే కొద్దిగా తిరిగి ఆగిపోతుంది, పెడల్ తొక్కితే పైకి రాదు. ఇంజన్ సంగతి తర్వాత చూసుకుంటాను, ముందు బండిని దొర్లించుకుని బయటికి తేవాలి.

అడగాల్సినవి: డ్రమ్ లోపలికి తుప్పు వదిలించే స్ప్రే కొట్టొచ్చా? ఏమేం మార్చాలి? ఒంగోల్లో దొరక్కపోతే ఎక్కడికి పోవాలి?

నెల్లూరు_లేత్
డ్రమ్ లోపలికి స్ప్రే వద్దే వద్దు అన్నా. బ్రేక్ షూల మీద డ్రమ్‌కు రాసుకునే లైనింగ్ నూనెను పీల్చుకుంటుంది. కాల్చినా, పెట్రోల్‌తో కడిగినా పూర్తిగా పోదు. వేడెక్కినప్పుడల్లా నూనె పైకి తేలి బ్రేక్ జారుతుంది. స్ప్రే కొట్టాల్సింది ఒక్కచోటే: బ్రేక్ ప్లేట్ (డ్రమ్‌ను మూసే పళ్ళెం) బయట, క్యామ్ ఇరుసు (తిరిగి షూలను డ్రమ్‌కు ఒత్తే కడ్డీ) లివర్‌లోకి వచ్చే చోట. అక్కడ కూడా రెండు మూడు చుక్కలు చాలు, మిగిలింది గుడ్డతో తుడిచెయ్యండి.

సుత్తి పట్టుకునే ముందు ఎక్కడ పట్టిందో తేల్చుకోండి. ముందు చక్రానికి కేబుల్‌ను లివర్ దగ్గర విప్పేయండి. చక్రం వదిలితే తప్పు కేబుల్‌ది. తొడుగులో తుప్పు పట్టి తీగ వెనక్కి రావట్లేదన్నమాట, కొత్తది వేసేయడమే. చక్రం వదలకపోతే లివర్‌ను వదులయ్యే వైపుకు చేత్తో తోసి చూడండి. అదీ కదలకపోతే క్యామ్ ఇరుసు దాని రంధ్రంలో పట్టేసింది. లివర్ వెనక్కి వచ్చినా చక్రం తిరగకపోతే లైనింగే తుప్పుతో డ్రమ్‌కు అతుక్కుంది. మీరు చెప్పినదాన్ని బట్టి ముందువైపు క్యామ్ పట్టేసినట్టే ఉంది, లైనింగ్ కూడా అతుక్కుని ఉండొచ్చు. వెనక మాత్రం క్యామ్ సగం తిరిగి ఆగింది, స్ప్రింగులకు దాన్ని వెనక్కి లాగే బలం చాలట్లేదు.

క్యామ్ వదిలించడానికి: ఇరుసు మొదట్లో చుక్క వేసి ఒక రాత్రి వదిలేయండి. ప్లేట్‌కు అయస్కాంతం అంటకపోతే అది అల్యూమినియం. అప్పుడు మరిగే నీళ్ళు ఆ రంధ్రం చుట్టూ పోయండి. ఉక్కు కంటే అల్యూమినియం దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది కాబట్టి రంధ్రం వదులవుతుంది. మంట పెట్టొద్దు, పైన పెట్రోల్ ట్యాంకు ఉంది. వేడి మీదే లివర్‌ను ముందుకీ వెనక్కీ కొంచెం కొంచెంగా ఆడించండి. ఒకే దిక్కుకు బలంగా లాగితే లివర్ పళ్ళు పోతాయి, లేదా ఇరుసు మెలి తిరుగుతుంది. లివర్ విప్పే ముందు ఇరుసు మీదా లివర్ మీదా ఒకే గీత గీసుకోండి.

లైనింగ్ అతుక్కుంటే డ్రమ్ చుట్టూ చెక్కముక్క ఆనించి తడుతూ చక్రాన్ని ఊపండి. చక్రాన్ని బలవంతంగా తిప్పితే లైనింగ్ ఊడి షూకీ డ్రమ్‌కీ మధ్య ఇరుక్కుంటుంది, అప్పుడు ప్లేట్ కూడా బయటికి రాదు.

బైపాస్_స్పేర్స్
ఇంకో మాట, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఆ కాలం లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. డ్రమ్ తెరిచాక గాలి పైపుతో ఊదకండి. మూతికి మాస్క్ కట్టుకుని, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్‌లో మూటగట్టి పారేయండి.

సామాను గురించి. కొలతలు తీసుకోకుండా షాపుకు పోవద్దు. ఒక క్యామ్ ఉన్న 6 అంగుళాల ముందు డ్రమ్, రెండు క్యామ్‌లున్న 7 అంగుళాల డ్రమ్, రెండు రకాల బుల్లెట్లూ మన రోడ్ల మీద ఉన్నాయి. మధ్యలో ఎవరైనా చక్రం మార్చి ఉంటే మోడల్ సంవత్సరం చెప్పి లాభం లేదు. డ్రమ్ లోపలి వ్యాసం, షూ వెడల్పు కొలిచి, పాత షూ సంచిలో వేసుకుని పోండి. బేరింగులకు వాటి మీద చెక్కిన నంబరే చెప్పండి.

కావాల్సినవి: ముందుకు ఒక జత షూలు, వెనకకు ఒక జత, రిటర్న్ స్ప్రింగులు నాలుగూ కొత్తవి (పాతవి చూడ్డానికి బాగున్నా సాగిపోయి ఉంటాయి), ముందు కేబుల్, వెనక రాడ్‌కు అడ్జస్టర్ నట్, దాని స్ప్రింగ్. క్యామ్ మీద తుప్పు గుంటలు పడితే అది కూడా మార్చాలి.

కేబుల్ కోసం ఊళ్ళు తిరగక్కర్లేదు, పాతది చూపిస్తే అదే పొడవుకు కట్టించి ఇచ్చే షాపులు ఒంగోలు, నెల్లూరు రెండు చోట్లా ఉంటాయి. షూల దగ్గరే చిక్కు. మార్కెట్లో దొరికే చవక షూలకు క్యామ్ ఆనే చదునైన చోటు సరిగా ఉండదు, రెండు షూలు రెండు ఎత్తుల్లో ఉంటాయి. కొనేముందు జతను పక్కపక్కన పెట్టి చూడండి. అసలు షూ విరక్కుండా ఉంటే కొత్తది కొనేకంటే దానికే లైనింగ్ వేయించడం మేలు అని నా గట్టి అభిప్రాయం. విజయవాడ ఆటోనగర్లో ఆ పని అవుతుంది. పాత అసలు సామానుకు చెన్నై పుదుపేట, కొత్త సామానుకు అక్కడి జనరల్ ప్యాటర్స్ రోడ్డు. మన బుల్లెట్లు తయారైంది చెన్నై తిరువొత్తియూరులోనే కాబట్టి చెన్నైలో పాత భాగాలు ఇంకా తిరుగుతుంటాయి. పొద్దున రైలెక్కితే ఒక్కరోజులో పోయి రావచ్చు.

రివెట్ లైనింగ్ వేయిస్తే రివెట్ తల పైకి తగలకుండా లోపలికి దిగి ఉందో లేదో గోటితో తడిమి చూసుకోండి. తగిలితే డ్రమ్‌లో గాడి పడుతుంది.

కొత్తపట్నం_350
చాలా థాంక్స్ అన్నా. డ్రమ్ విప్పాక లోపల అంచున మెట్టు లాగా ఉందని అనుమానం, చేతికి తగులుతోంది. లేత్ మీద పెట్టించాలా? మళ్ళీ బిగించేటప్పుడు చూసుకోవాల్సింది ఏమైనా ఉందా?

నెల్లూరు_లేత్
మెట్టు ఉంటే పెట్టించండి. ఊచలు బిగించి, చక్రం వంకర తీసిన తర్వాతే డ్రమ్ కోయించాలి. ఊచల బిగువుకు డ్రమ్ కొద్దిగా ఆకారం మారుతుంది, కాబట్టి ఊచలు లేని విడి హబ్‌ను (చక్రం నడిమి భాగం) కోస్తే తర్వాత మళ్ళీ అండాకారం వచ్చేస్తుంది. వ్యాసంలో 1 మి.మీ. దాటి కోయనివ్వకండి. కోసిన డ్రమ్‌కు మామూలు లైనింగ్ వేస్తే మధ్యలో మాత్రమే ఆనుతుంది. మందం లైనింగ్ వేయించి, డ్రమ్ లోపల 80 నంబరు ఎమెరీ కాగితం అతికించి షూను దానికి రుద్ది ఒంపు కలపాలి. లైనింగ్ ముందు అంచును ఆకురాయితో కొంచెం ఏటవాలుగా తీయండి, లేకపోతే బ్రేక్ పట్టీపట్టగానే గుంజుతుంది.

క్యామ్ ఇరుసును 400 నంబరు కాగితంతో మెరిసేదాకా రుద్ది, సన్నగా గ్రీజు పట్టించండి. వేడికి కరగని గ్రీజే వాడాలి, గోరు చివరకు పట్టేంత చాలు. మామూలు గ్రీజు కరిగి షూల మీదికి కారుతుంది. రంధ్రంలో ఇరుసు గడగడలాడుతుంటే గన్‌మెటల్ బుష్ (కంచు గొట్టం) కొట్టించండి. గంట పని.

బిగించేటప్పుడు మూడు సంగతులు. ప్లేట్ పట్టే పెద్ద నట్‌ను వదులుగా ఉంచి, ఎవరితోనైనా బ్రేక్ గట్టిగా పట్టించి, పట్టి ఉండగానే నట్ బిగించండి, అప్పుడు షూలు డ్రమ్ నడిమధ్యకు వస్తాయి. రెండోది, బ్రేక్ పట్టినప్పుడు లివర్‌కీ కేబుల్‌కీ మధ్య కోణం 90 డిగ్రీలు దాటకూడదు. అరిగిన లైనింగ్‌తో అడ్జస్టర్ బిగిస్తూ పోతే క్యామ్ పూర్తిగా అడ్డం తిరిగి మళ్ళీ వెనక్కి రాదు, నడుస్తున్న బండి చక్రం లాక్ అవుతుంది. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: ప్లేట్ తిరక్కుండా ఆపే చోటు. ముందు ప్లేట్ గాడి ఫోర్క్‌లో సరిగా కూర్చోవాలి, వెనక ఆపే బోల్టుకు స్ప్రింగ్ వాషర్ తప్పకుండా పడాలి. అది ఊడితే బ్రేక్ వేసిన క్షణం ప్లేట్ చక్రంతో పాటే తిరిగిపోతుంది.

మార్టూరు_మెకానిక్
వెనకది విప్పేటప్పుడు: బుల్లెట్‌కు వెనక స్ప్రాకెట్ (చైన్ పళ్ళచక్రం), డ్రమ్ కలిసే ఉంటాయి కాబట్టి దాన్ని బయటికి తీసినప్పుడే స్ప్రాకెట్ పళ్ళు, లోపలి కుష్ రబ్బర్లు (చైన్ కుదుపును మింగే రబ్బరు ముక్కలు) చూసుకోండి. పళ్ళు కొక్కేల్లా వంగి ఉంటే చైన్‌తో కలిపి మార్చాలి, రెండోసారి విప్పే పని తప్పుతుంది.

మీ దగ్గర గాలిలోనే ఉప్పుంది. చాలా చోట్ల బోరు నీళ్ళూ ఉప్పే. ఆ నీళ్ళతో, అందులోనూ ప్రెషర్ పంపుతో డ్రమ్ దగ్గర కడిగితే మళ్ళీ ఇదే కథ. బండి నిలిపినప్పుడు మెయిన్ స్టాండు వేసి అడ్జస్టర్లు రెండు మూడు చుట్లు వదులు చేసి పెట్టండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో వారానికోసారి చక్రాలు తిప్పి, లివర్ నొక్కి వదలండి.

బిగించాక 5 కి.మీ. బ్రేక్ ముట్టకుండా నడిపి డ్రమ్ మీద చెయ్యి పెట్టి చూడండి. చుర్రుమంటే షూ ఇంకా రాసుకుంటోంది, అడ్జస్టర్ సగం చుట్టు వదలాలి. మొదటి 150 కి.మీ. కొత్త లైనింగ్‌ను గట్టిగా పట్టొద్దు, హైవే ఎక్కొద్దు.