షెడ్డులో త్రీ ఫేజ్ ప్లేనర్‌కి ఎర్తింగ్: ఒక గొయ్యి చాలా, రెండు తవ్వాలా?

చిత్రిక_సిద్దిపేట:
అందరికీ నమస్తే. ఇంటి వెనక రేకుల షెడ్డులో చెక్కపని చేసుకుంటాను. ఇన్నాళ్లూ చేతి మిషన్లతోనే నెట్టుకొచ్చాను, ఈ మధ్య పాతది 3 హెచ్‌పీ ప్లేనర్ (చెక్క చిత్రిక పట్టే మిషన్), 2 హెచ్‌పీ రంపం మిషన్ దొరికాయి. రెండూ త్రీ ఫేజ్. స్టార్టర్లు ఉన్నాయి, 16 ఆంప్స్ త్రీ పోల్ ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే పడిపోయే స్విచ్) పెట్టాను. ప్లేనర్ బాడీ మీద చెయ్యి వేస్తే జివ్వుమంటోంది. ఎర్త్ గొయ్యి తవ్వి ఉప్పు, బొగ్గు వేస్తే పోతుందని మా ఊరి ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. మాది ఎర్రనేల, మూడడుగులు దిగితే రాయి. రెండు మిషన్లకీ ఒక్క గొయ్యి సరిపోతుందా?

పాత_వైర్‌మన్:
సరిపోదు, రెండు తవ్వాలి. 250 వోల్టులు దాటిన మోటార్ బాడీకి రెండు వేర్వేరు ఎర్త్ కనెక్షన్లు ఉండాలని 1956 రూల్స్‌లోనే ఉంది. ఒకటి వదులైతే ఇంకోటి కాపాడాలని. 40 ఎంఎం జీఐ పైపు (జింకు పూత ఇనుముది), రెండున్నర మీటర్లు, చుట్టూ వరసలుగా ఉప్పు, బొగ్గు, పైన గరాటు, ఎండాకాలం రోజూ బిందెడు నీళ్లు. నేను సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఇలాగే చేయించాను, ఒక్కరికీ ఏమీ కాలేదు.

నల్గొండ_నవీన్:
ఉప్పు వేస్తే జీఐ పైపు తినేస్తుంది బాబాయ్, కొన్నాళ్లకు గొయ్యిలో పైపే ఉండదు. బెంటొనైట్ మట్టి వెయ్యండి.

ఓమ్స్_లా:
తమ్ముడూ, జివ్వుమంటోంది అన్నావు చూడు, ముందు ఆ మిషన్ ఆపు. పాత మోటార్ అంటున్నావు, 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటర్) పెట్టి వైండింగ్‌కీ బాడీకీ మధ్య చూపించు, 1 మెగా ఓమ్ కంటే తక్కువ వస్తే ఆ మోటార్ నడపకూడదు. గొయ్యి సంగతి తర్వాత. ఇక్కడ అందరూ గొయ్యి దగ్గరే ఆగిపోయారు, ఎర్త్ పెడితే ఎంసీబీ దానంతట అదే పడిపోతుంది అన్నట్టు. పడదు. లెక్క చూడండి. మన ఊళ్లలో డిస్కం (కరెంటు సరఫరా కంపెనీ) వాళ్లు ఇంటికి ఎర్త్ తీగ ఇవ్వరు, ఫాల్ట్ కరెంటు మట్టిలోంచే ట్రాన్స్‌ఫార్మర్ దాకా వెళ్లాలి. నీ గొయ్యి 5 ఓమ్‌లు, ట్రాన్స్‌ఫార్మర్ గొయ్యి 5 ఓమ్‌లు అనుకుంటే 230ని 10తో భాగించు, 23 ఆంప్స్. సీ టైపు 16 ఆంప్స్ ఎంసీబీ టక్కున పడాలంటే తక్కువలో తక్కువ 80 ఆంప్స్ కావాలి, 23 కాస్త దాటినా గంటలోపు పడితే చాలని స్టాండర్డ్. ఆ గంటసేపూ మిషన్ బాడీ మీద 115 వోల్టులు ఉంటాయి. గొయ్యిని 2 ఓమ్‌లకు దించినా 33 ఆంప్సే. రోజుకు ట్యాంకర్ నీళ్లు పోసినా లెక్క మారదు. 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ, ఫోర్ పోల్‌ది పెట్టుకో, అంటే కరెంటు కాస్త నేలకు లీకైనా పడిపోయే స్విచ్, మూడు ఫేజులకీ న్యూట్రల్‌కీ కలిపి. దానికి ఎర్త్ 100 ఓమ్‌లున్నా చాలు, క్షణంలో పడుతుంది. ఎంసీబీ తీసెయ్యకు, ఓవర్‌లోడ్‌కీ షార్ట్‌కీ అది ఉండాలి.

పాత_వైర్‌మన్:
అంటే గొయ్యి అక్కర్లేదా? రూల్ తప్పా?

ఓమ్స్_లా:
గొయ్యి వద్దని ఎక్కడన్నాను సార్? రూల్‌లో ఉన్నది రెండు కనెక్షన్లు, మిషన్‌కి రెండు గోతులు అని కాదు.

పాత_వైర్‌మన్:
రెండు కనెక్షన్లూ తీసుకెళ్లి ఒకే పైపుకి బోల్టు వేస్తే అవి వేర్వేరు ఎలా అవుతాయి? పైపు పోతే రెండూ పోయినట్టే. రెండు గోతులు ఉండాలి, వాటిని జీఐ పట్టీతో కలపాలి.

ఓమ్స్_లా:
సరే సార్, రెండు తవ్వించండి, మంచిదే. కానీ వాటిని నమ్ముకుని ఆర్‌సీసీబీ మానేస్తేనే ప్రమాదం. మా మేనమామ రైస్ మిల్లులో మోటార్ బాడీకి ఎర్త్ ఉంది, గొయ్యి ఉంది, ఉప్పు ఉంది. తడి చేత్తో పట్టుకున్నాడు, ఎంసీబీ పడలేదు. మనిషి దక్కాడు గానీ ఎడమ చెయ్యి సరిగా పనిచెయ్యదు. ఇది నాకు పుస్తకంలో లెక్క కాదు.

బోరుబావి:
ఇంత గొడవెందుకన్నా, బోరు కేసింగ్‌కి ఒక తీగ కట్టెయ్. దాన్ని మించిన ఎర్త్ ఉంటుందా?

నల్గొండ_నవీన్:
ప్లేనర్‌లో ఫాల్ట్ వస్తే బోరు దగ్గర నీళ్లు పట్టుకునేవాళ్లకు షాక్ కొట్టాలా?

బోరుబావి:
అయితే న్యూట్రల్‌కి కట్టు. మా మిషన్లన్నీ అంతే.

ఓమ్స్_లా:
దయచేసి ఇది ఎవరూ చెయ్యకండి. స్తంభం దగ్గర న్యూట్రల్ తెగిన రోజు, ఆ లైన్ మీద ఎక్కడో ఒక బల్బు వెలుగుతున్నా చాలు, మీ మిషన్ల బాడీల మీద 230 వోల్టులు ఉంటాయి. ఫాల్ట్ ఏమీ లేకుండానే.

జర్మనీ_వరంగల్:
ఇక్కడ దాదాపు ప్రతి ఇంటికీ త్రీ ఫేజే వస్తుంది, గ్యారేజీలో ఎర్ర సాకెట్ ఉంటుంది, దాని వెనక 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ ఉంటుంది. దీని మీద ఇంత చర్చ ఉంటుందని తెలియదు నాకు.

పాత_వైర్‌మన్:
అక్కడి నేల వేరు, మన నేల వేరు.

చిత్రిక_సిద్దిపేట:
మెగ్గర్ పెట్టించాను, అక్కా. ప్లేనర్ మోటార్ 0.3 వచ్చింది, రీవైండింగ్‌కి ఇచ్చాను. ఒక గొయ్యి తవ్వించాను, రెండోది రాయి దగ్గర ఆగింది. ఫోర్ పోల్ ఆర్‌సీసీబీ కూడా తెచ్చి బిగించాను, రంపం మిషన్ దాని మీద బాగానే నడుస్తోంది. కానీ టెస్ట్ బటన్ నొక్కితే పడట్లేదు. షాపువాడు మార్చి ఇచ్చాడు, రెండోదీ అంతే.

పాత_వైర్‌మన్:
చెప్పానా? ఈ డబ్బాల మీద నమ్మకం పెట్టుకోకూడదు.

ఓమ్స్_లా:
డబ్బా తప్పు కాకపోవచ్చు. తమ్ముడూ, న్యూట్రల్ దానికి కలిపావా? చాలా ఫోర్ పోల్ వాటిలో టెస్ట్ బటన్ ఒక ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య పనిచేస్తుంది.

చిత్రిక_సిద్దిపేట:
న్యూట్రల్ లేదక్కా. నాకు వచ్చేవి మూడు తీగలే.

ఓమ్స్_లా:
ఇంటి త్రీ ఫేజ్ సర్వీసైతే నాలుగు తీగలు వస్తాయి. నీ మూడు తీగలు ఎక్కడి నుంచి?

బోరుబావి:
😄

చిత్రిక_సిద్దిపేట:
పొలం ఇంటి వెనకే ఉంది. బోరు స్టార్టర్ డబ్బాలోంచి కేబుల్ లాగాను. ఊళ్లో చాలామంది చేసేదే. నేను అడిగింది ఎర్త్ గురించి.

పాత_వైర్‌మన్:
అదీ సంగతి! ఇంతసేపు నాతో గోతుల లెక్కలు చెప్పించుకున్నావు. ఆ ట్రాన్స్‌ఫార్మర్ మీద పక్క రైతుల మోటార్లున్నాయని తెలుసా? నీ ప్లేనర్ చెక్కను పట్టినప్పుడల్లా వాళ్లకు వోల్టేజ్ పడిపోతుంది, ఫ్యూజు పోతుంది, ఎవడో లావు తీగ వేస్తాడు, ఆఖరికి ట్రాన్స్‌ఫార్మర్ కాయిల్ కాలుతుంది. కాలితే పైరు ఎండేది వాళ్లది. ఆ స్తంభాలెక్కినవాణ్ణి నేను, చెప్తున్నాను.

ప్లేనర్_ప్రసాద్:
ఆగండి పెద్దాయనా. నీతులు చెప్పడం సులువు. నేను నిజాయతీగా సర్వీసు అడిగాను. ఆఫీసు పేరెందుకు గానీ, ఒకసారి ఎస్టిమేట్ అన్నారు, ఒకసారి స్తంభం అన్నారు, ఇంకోసారి సార్ లేడన్నారు. ఆ లోపు ఒప్పుకున్న మంచాల ఆర్డర్ పోయింది, అడ్వాన్సు తిరిగిచ్చాను. చివరికి కమర్షియల్ కేటగిరీలో వేసి ఇచ్చారు, ఇప్పుడు నెల నెలా బిల్లు చూస్తే గుండె దడ. తీగ లాక్కున్నవాడే తెలివైనవాడు అనిపిస్తుంది.

పాత_వైర్‌మన్:
నీకు ఆలస్యమైతే రైతు ట్రాన్స్‌ఫార్మర్ కాల్చాలా?

ప్లేనర్_ప్రసాద్:
5 హెచ్‌పీ బోరు పక్కన 3 హెచ్‌పీ ప్లేనర్‌కే కాలిపోతుందా? బోర్లు ఎన్ని హెచ్‌పీ అని రాసి ఎన్ని హెచ్‌పీవి నడుస్తున్నాయో మీకు తెలియదా?

నల్గొండ_నవీన్:
ఇద్దరూ కాస్త తగ్గండి.

చిత్రిక_సిద్దిపేట:
ముందే చెప్తే ఎవరూ జవాబివ్వరనే చెప్పలేదు. కాంట్రాక్టర్‌ని పిలిస్తే మొదట సర్వీస్ నంబర్ అడుగుతాడు. అందుకే ఇక్కడికొచ్చాను.

ఓమ్స్_లా:
ఆ కోపతాపాల సంగతి మీరు చూసుకోండి, నేను ఎర్త్ గురించే చెప్తాను, ఎందుకంటే ఈ రెండూ వేరు కావు. ఆర్‌సీసీబీ పడాలంటే నీ గొయ్యిలోంచి పోయిన కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌కి చేరాలి. పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్ తీగ తుప్పుపట్టి తెగి వేలాడుతుంటే ఎవరు చూస్తారు? అప్పుడు నీ ఆర్‌సీసీబీ సరిగా పడుతుందని ఎవరూ చెప్పలేరు, నీ దగ్గర టెస్ట్ బటన్ కూడా పనిచెయ్యదు. ఒక ఫేజ్ ఫ్యూజు పోతే తిరుగుతున్న మోటార్ రెండు ఫేజుల మీద లాగుతుంది, కరెంటు 1.7 రెట్లకు పోతుంది, నిన్న రీవైండింగ్‌కి ఇచ్చింది మళ్లీ అక్కడికే. ఒక ఫేజ్ పోగానే మోటార్‌ని ఆపే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ లేకపోతే అసలు నడపకు. ఓవర్‌లోడ్ రిలేని నేమ్‌ప్లేట్ ఆంప్స్‌కి తిప్పు, 3 హెచ్‌పీకి సుమారు 4.5 నుంచి 5 ఉంటుంది.

ఇక తనిఖీకి వస్తే 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 126. ఇచ్చిన పనికి కాక వేరే పనికి వాడితే ఆ వేరే పనికి వర్తించే టారిఫ్‌కి రెండింతలు, ఎప్పటి నుంచో తేలకపోతే 12 నెలలకు వేస్తారు. నీకు ఎవరూ చెప్పనిది ఇంకోటుంది. తెలంగాణలో ఎల్‌టీ (లో టెన్షన్) కేటగిరీ-4 అని కుటీర పరిశ్రమలకు ఉంది, అందులో వడ్రంగం పేరు పెట్టి మరీ రాసి ఉంది, మొత్తం లోడ్ 10 హెచ్‌పీ లోపు ఉంటే చాలు, డీఈ (డివిజనల్ ఇంజనీర్) ధ్రువీకరించాలి. నీవి 3, 2 కలిపి 5. కమర్షియల్‌లో వెయ్యాల్సిన పనే లేదు.

ప్లేనర్_ప్రసాద్:
ఒక్క నిమిషం. వడ్రంగం కేటగిరీ-4లో ఉందా? మరి నాకెవరూ చెప్పలేదే?

ఓమ్స్_లా:
టారిఫ్ ఆర్డర్‌లో ఉంది, ప్రింట్ తీసుకుని వెళ్లండి. మార్చమని రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి.

చిత్రిక_సిద్దిపేట:
బోరు డబ్బాలోంచి కేబుల్ ఊడదీశాను. అప్లికేషన్ పెడతాను. ఈలోగా ఒప్పుకున్న రెండు తలుపులు చేతి మిషన్‌తోనే చేస్తాను, ఏం చేస్తాం. సర్వీసు వచ్చాక నాలుగో తీగ ఉంటుంది కాబట్టి టెస్ట్ బటన్ పనిచేస్తుంది కదా?

ఓమ్స్_లా:
పనిచెయ్యాలి. నెలకోసారి నొక్కి చూడు.

పాత_వైర్‌మన్:
ఆర్‌సీసీబీ పెట్టుకో, నేనేం వద్దన్నానా? రెండో గొయ్యి మాత్రం తవ్వించు. ఆ చోట రాయి పడితే మూడు మీటర్లు జరిగి తవ్వు.

నల్గొండ_నవీన్:
ఉప్పు మాత్రం వెయ్యకు.

పాత_వైర్‌మన్:
వెయ్యి.