చర్చ: కరెంటు బిల్లు నిజంగా దేనివల్ల తగ్గింది?

బరంపురం కోడలు
ఎండాకాలం వచ్చి ఏసీ వేశామంటే మా బిల్లు 200 యూనిట్లు దాటుతోంది. దాటాక స్లాబు మారి రేటు ఇంకా పెరుగుతుంది. ఫోన్ ఛార్జరు పీకెయ్, టీవీ స్విచ్చి కట్టెయ్ అని మావారు రోజూ ఒకటే పోరు. అన్నీ చేస్తూనే ఉన్నాను, తేడా ఏమీ కనబడదు. మీ ఇళ్ళలో దేనివల్ల తగ్గిందో చెప్పండి.

రాయగడ వైర్‌మేన్
ఛార్జరు ఏపాటమ్మా! ఏ వస్తువు ఎన్ని గంటలు తిరుగుతోందో చూడండి. పాత సీలింగ్ ఫ్యాను దగ్గర దగ్గర 75 వాట్లు లాగుతాది. రోజుకి 15 గంటలు తిరిగితే యూనిట్ పైనే. బీఎల్‌డీసీ ఫ్యాను, అంటే బ్రష్‌లు లేని డీసీ మోటారుది, 30 వాట్లతో అదే గాలి ఇస్తాది. నెలకి ఒక్క ఫ్యాను మీదే 20 యూనిట్లు మిగులుతాయి. కొన్నప్పుడు ధర ఎక్కువే, కాదనను. అన్నీ ఒకేసారి వద్దు, పడకగదిది ముందు మార్చండి.

పర్లాకిమిడి మాస్టారు
వైర్‌మేన్ గారి మాటకి ఇంకొకటి కలుపుతాను. మా గజపతి జిల్లాలో 2018 అక్టోబరు తిత్లీ తుపాను తర్వాత ఇన్వర్టరు లేని ఇల్లు ఉండకూడదనిపించింది. అదే బ్యాటరీ మీద బీఎల్‌డీసీ ఫ్యాను పాతదానికి రెట్టింపు సేపు తిరుగుతుంది. వోల్టేజీ పడిపోయినా వేగం తగ్గదు. సాయంత్రం మా వీధిలో పాత ఫ్యాన్లు ఈగలు తోలుతుంటాయి, అందుకే నాకు ఇదే పెద్ద లాభం. పాతకాలం డబ్బా రెగ్యులేటరు ఉంటే అదీ తీసేయండి. ఫ్యాను నెమ్మదిగా పెట్టినా మిగిలిన కరెంటు అందులో వేడిగా పోతుంది, ముట్టుకుంటే తెలుస్తుంది.

సిరొంచ తమ్ముడు
మాది గడ్చిరోలి జిల్లా, గోదారి దాటితే కాళేశ్వరం. ఏసీ ఎందుకక్కా, కూలర్ పెట్టుకోరాదు? 200 వాట్లల్ల అయిపోతది, ఏసీ అయితే 1500 దాక గుంజుతది. కిటికీ తెరిచి పెట్టాలె, గడ్డి ఏటా మార్చాలె, అంతే. మా చంద్రపూర్‌ల 2920 మెగావాట్ల బొగ్గు కరెంటు కేంద్రం ఉన్నది. ఒక యూనిట్‌కు అర కిలో మీదనే బొగ్గు కాలుతది. ఆ దుమ్ము పీల్చేది మా దిక్కు జనమే, అందుకే నాకు బిల్లు కన్న ఇదే ఎక్కువ అనిపిస్తది.

బరంపురం కోడలు
తమ్ముడూ, ఇక్కడ కూలరు పెడితే దుప్పటి కూడా చెమ్మగిల్లుతుంది.

రాయగడ వైర్‌మేన్
సముద్రం గాలిలో తేమ ముందే నిండి ఉంటాది, ఇంక కూలరు నీళ్ళు ఎక్కడ ఆరతాయి? సిరొంచ ఎండ పొడి ఎండ, అక్కడ పనిచేస్తాది. మీరు ఏసీ 26లో పెట్టి పైన ఫ్యాను తిప్పండి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతాదని ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థే చెప్తోంది. 2020 నుంచి స్టారు గుర్తు ఏసీలు ఆన్ చెయ్యగానే 24లో మొదలయ్యేది అందుకే.

జయపురం పిన్ని
మగాళ్ళందరూ ఫ్యాన్ల దగ్గరే ఆగిపోయారు, వంటింట్లోకి ఎవరూ రారు! అన్నం ముప్పాతిక ఉడగ్గానే మూత బిగించి పొయ్యి కట్టేస్తాను, ఆ వేడికే ఉమ్మగిలి పొడిపొడిగా వస్తుంది. కందిపప్పు ముందు నానబెడితే గ్యాసు సగం చాలు. చోడి (రాగి) అంబలీ అంతే, దించి గుడ్డ చుట్టేస్తే లోపలే ఉడుకుతుంది.
ఫ్రిజ్ రోజంతా పనిచేసే వస్తువు. గోడకి ఆనించకండి, వెనక గాలి ఆడాలి. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగండి. సులువుగా వచ్చేస్తే చల్లదనం బయటికి పోతున్నట్టే.

సిరొంచ తమ్ముడు
మరి సోలార్ సంగతేంది? 3 కిలోవాట్లకు కేంద్రం 78,000 ఇస్తదంట.

పర్లాకిమిడి మాస్టారు
సూర్యఘర్ పథకంలో ఇస్తారు, నిజమే. అయితే తుపాను రోజుల్లో ఆదుకుంటుందని మాత్రం పెట్టించుకోకండి. బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ (వీధి లైనుకి కలిపిన) సోలారు, లైను కరెంటు పోగానే తనంతట తానే ఆగిపోతుంది, మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా సరే. మన ఇంటి కరెంటు తీగల్లోకి వెళ్ళి, మరమ్మతు చేసే లైన్‌మేన్‌కి షాకు కొట్టకూడదని అలా చేశారు. అమ్మేవాళ్ళు ఈ ముక్క చెప్పరు.

బరంపురం కోడలు
పిన్నిగారూ, కాగితం జర్రుమని వచ్చేసింది! ఇప్పుడు ఫ్రిజ్ మార్చాలా?

జయపురం పిన్ని
కంగారు పడకమ్మా. ముందు తలుపు రబ్బరుని సబ్బునీళ్ళ గుడ్డతో తుడిచి చూడు. జిడ్డు పట్టినా అతుక్కోదు. అప్పటికీ జారితే రబ్బరు ఒక్కటీ మార్పించు.