టైమింగ్ బెల్ట్‌తో పాటు వాటర్ పంప్ కూడా మార్చాలా?

మా నాన్నగారి 2002 హోండా సిటీ 1.5 ఇప్పుడు బెంగళూరులో నా దగ్గరుంది. తిరిగింది 94 వేల కిలోమీటర్లే. ఇంజిన్‌లో పిస్టన్లకు తగ్గట్టు వాల్వులను నడిపే రబ్బరు పట్టీ, అదే టైమింగ్ బెల్ట్, ఎప్పుడు మార్చారో నాన్నకే గుర్తులేదు. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో తెగితే ఏంటని టెన్షన్. మెకానిక్ ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్‌ని తిప్పే వాటర్ పంప్ కూడా మార్చేద్దామంటున్నాడు. లీకైతే లేదు మరి. డబ్బు గుంజుతున్నాడా?

జవాబు 1:
లేదు తమ్ముడూ, నిజమే చెప్తున్నాడు. ఈ ఇంజిన్‌లో పంపును తిప్పేది ఆ బెల్టే. ఏడాది తర్వాత పంపు కారితే మళ్లీ అంతా విప్పాలి, లేబర్ రెండోసారి. కిలోమీటర్లు చూడకు, రబ్బరు వయసుతోనూ పాడవుతుంది. తెగితే పిస్టన్లు తగిలి వాల్వులు వంగిపోతాయి.

జవాబు 2:
నా సిటీకి చేయించినప్పుడు సగం పూట క్రాంక్ పుల్లీ బోల్టుకే పోయింది. పొడవాటి పైపు తొడిగి ఇద్దరు వేలాడితే గానీ కదల్లేదు. పాత పంపు చేత్తో తిప్పితే గరగరమంది. కింద చిన్న రంధ్రం దగ్గర పచ్చటి కూలెంట్ చార. బయటికి మాత్రం చుక్క పడలేదు! బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్, ఆయిల్ సీళ్లు కూడా అప్పుడే మార్పించండి. స్పేర్ పార్టులకి జేసీ రోడ్డుకి వెళ్తే పాత పంపు చేత్తో పట్టుకెళ్లండి. అన్నట్టు, చాలా ఇంజిన్లలా కాకుండా ఇది గడియారానికి వ్యతిరేక దిక్కులో తిరుగుతుంది, కొత్త కుర్రాడికి అప్పగించొద్దు.

అడిగినవారు:
థాంక్స్ అన్నా. శనివారం బండి ఇస్తున్నా, పంపు కూడా మార్పిస్తా. పాతది ఇంటికి తెచ్చి నాన్నకి చూపించాలి.