మా గెకో గండం గట్టెక్కింది కానీ తిండి ముట్టడం లేదు

మా లెపర్డ్ గెకోకి (పెంపుడు బల్లి) మూడేళ్లు. ఇసుక మింగేసి, అది పేగుల్లో అడ్డుపడి పది రోజులు నానా అవస్థ పడింది. డాక్టర్ చికిత్స చేశాక విరేచనం అయింది. అది ఉండే పెట్టెలో ఇసుక తీసేసి పేపర్ టవల్ పరిచాను (ముందే చేయాల్సింది, తప్పు నాదే). వెచ్చని వైపు నేల 32 డిగ్రీలు ఉంటోంది. అయినా పురుగులు పెడితే మొహం తిప్పేసుకుంటోంది. నీళ్లు మాత్రం నాకుతోంది. కొవ్వు దాచుకునే తోకే సన్నబడుతోంది, బరువు 58 గ్రాముల నుంచి 49కి పడింది. అదే నా టెన్షన్.

ఇలాంటిది చూసినవాళ్లు చెప్పండి. మీ గెకో మళ్లీ తినడానికి ఎన్నాళ్లు పట్టింది? సిరంజితో మెత్తటి ఆహారం పెట్టొచ్చా, లేక చేత్తో పట్టుకుంటేనే ఇంకా బెదిరిపోతుందా? ఇంకెన్ని రోజులు చూసి మళ్లీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి?